పక్షవాతానికి స్టెమ్ సెల్ ఇంజెక్షన్: నాన్నగారికి చేయించవచ్చా?

స్ట్రోక్ వచ్చి ఎనిమిది నెలలైన నాన్నగారికి నడుము దగ్గర వెన్నులోకి స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఎక్కిస్తామని, నాలుగు లక్షలు అవుతుందని క్లినిక్ వాళ్లు చెప్పారన్నారు. అడ్వాన్సు మాత్రం కట్టకండి.

ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం స్ట్రోక్‌కి ఈ చికిత్స అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్‌లోనే ఇవ్వాలి, పేషెంటు దగ్గర డబ్బు తీసుకోకూడదు. ట్రయలే అంటే సీటీఆర్‌ఐ (మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) నంబరు, ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రం అడగండి. చాలాచోట్ల మాట అక్కడితో ఆగిపోతుంది!

"సొంత కణాలే కదా, ప్రమాదమేముంది" అంటారు. మన దేశంలోనే 120 మందితో ట్రయల్ చేశారు, 2014లో ఫలితాలొచ్చాయి. పేషెంటు సొంత ఎముక మజ్జ కణాలను చేతి నరంలోంచి ఎక్కిస్తే పెద్ద హాని జరగలేదు, కానీ కోలుకోవడంలో తేడా కూడా కనబడలేదు. వెన్నులోకి ఎక్కించడం వేరే సంగతి. స్ట్రోక్ తర్వాత విదేశాల్లో అలా చేయించుకున్న ఒకాయనకి వెన్నులో గడ్డ పెరిగిందని, అందులోవి ఆయన కణాలు కావని 2016లో డాక్టర్లు బయటపెట్టారు.

ఇంకోటి, నాన్నగారు క్లోపిడోగ్రెల్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర) వాడుతుంటే నడుములో సూదికి ముందు దాన్ని ఆపమంటారు. ఆపితే మళ్లీ స్ట్రోక్ వచ్చే రిస్క్ ఉంది. మీ న్యూరాలజిస్టును అడక్కుండా ఒక్క డోసు కూడా మాన్పించకండి.

చెయ్యి బిగుసుకుపోతోందన్నారుగా, ఫిజియోథెరపీతో పాటు బోటాక్స్ (కండరాన్ని వదులు చేసే ఇంజెక్షన్) పనికొస్తుందేమో అడగండి. బిగుతు తగ్గించడానికి దానికి గట్టి ఆధారాలున్నాయి.