ఆఫీస్ అవర్స్ తలుపు బయట మూడు వారాలు

సందేహం: ఆంటీ, నమస్తే. విదేశంలో ఎకనామిక్స్ మాస్టర్స్‌కి సీటు వచ్చింది. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. లెక్కలు ఎక్కువగా ఉంటాయంటున్నారు, నిజమేనా? వారానికి ఎన్ని గంటలు పని చేసుకోవచ్చు? రూము క్యాంపస్ దగ్గర తీసుకోవాలా, దూరమైనా అద్దె తక్కువున్న చోటా? క్లబ్బులూ అవీ చదువుకి అడ్డమా? చదువయ్యాక ఉద్యోగాల మాటేమిటి?

ముందుగా, ఆంటీ కాదు, అక్కా అను. నాలుగు వెంట్రుకలు నెరిసినంత మాత్రాన ఆంటీని అయిపోను.

అయిదు సందేహాలు అడిగావు. పని గంటల సంగతి వీసా నిబంధనల్లో ఉంటుంది, అవి మారుతుంటాయి కూడా. మీ యూనివర్సిటీలో అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు ఉంటుంది, వాళ్ళ సైటు చూసుకో. ఎంత రాసుంటే అంతే, గంట కూడా దాటకు. మిగతా నాలుగూ నీకు వేర్వేరుగా కనిపిస్తున్నాయి గానీ నాకు ఒక్కటిగానే కనిపిస్తున్నాయి. ఎందుకో చెప్పాలంటే నా భాగోతం విప్పాలి.

నేను వచ్చింది 2001లో. రాకముందే రూము కుదుర్చుకున్నాను. చూసింది లేదు, చూసినవాళ్ళతో మాట్లాడిందీ లేదు. తెలిసినవాళ్ళకి తెలిసినవాళ్ళెవరో అద్దె తక్కువన్నారు, అంతే, ఒక టర్ము అద్దెంతా ముందే కట్టేశాను. దిగాక చూస్తే క్యాంపస్‌కి రెండు బస్సులు మారాలి. సాయంత్రం ఏడున్నరకి ఆఖరి బస్సు. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. ఇంటావిడ మంచిదే, కానీ వారంలో నాలుగు రోజులు ఊళ్ళో ఉండేది కాదు. ఆ నాలుగు రోజులూ ఇంట్లో నేనూ, ఫ్రిజ్జు చేసే చప్పుడూ.

డబ్బు భయం నాకు ఎంతుండేదంటే, ఏది చూసినా వెంటనే ఇంటి డబ్బులోకి మార్చి గుండె పట్టుకునేదాన్ని. నీకూ ఆ జబ్బు ఉండే ఉంటుంది, నీ రెండో, మూడో ప్రశ్నల్లోనే తెలిసిపోతోంది. అందుకని అనుమతి ఉన్న ప్రతి గంటా షిఫ్టులు వేయించుకున్నాను. క్లాసు, షిఫ్టు, రెండు బస్సులు, గోడ. నెలాఖరుకి కాగితం మీద మిగులు చూసుకుని మురిసిపోయేదాన్ని.

ఆ అక్టోబరులో జార్జ్ అకెర్లాఫ్, మైకేల్ స్పెన్స్, జోసెఫ్ స్టిగ్లిట్జ్‌లకి ఎకనామిక్స్ నోబెల్ ప్రకటించారు. మా డిపార్ట్‌మెంట్లో ఆ మధ్యాహ్నం పండగే. అందరూ ఒక హాల్లో చేరితే ప్రొఫెసర్ ఒకాయన పుస్తకమేదీ లేకుండా గంటసేపు అకెర్లాఫ్ 1970 వ్యాసం చెప్పాడట. నేను షిఫ్టులో ఉన్నాను. తర్వాత లైబ్రరీలో ఒక్కదాన్నే కూర్చుని చదువుకున్నాను. ఆ వ్యాసం సెకండ్‌హ్యాండ్ కార్ల గురించి. బండిలో ఏం లోపముందో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియదు కాబట్టి మంచి బండికైనా సగటు ధరే ఇస్తానంటాడు. ఆ ధరకి మంచి బండి ఉన్నవాడు అమ్మడు, తప్పుకుంటాడు. ఆఖరికి సంతలో మిగిలేవి డొక్కు బళ్ళే. మూడు పత్రికలు దాన్ని తిప్పి పంపితే నాలుగోది వేసుకుంది. చూడని రూముకి ముందే డబ్బు కట్టినదాన్ని, నా కథే కదా అది! చదువుతున్నప్పుడు ఆ మాట తట్టనే లేదు. ఎవరైనా పక్కనుండి, నీ రూము సంగతేమిటి అని అడిగుంటే తట్టేది.

ఇంకా సిగ్గుపడాల్సింది ఉంది. టర్ము మధ్యలో క్యాంపస్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక గది ఖాళీ అయింది. అద్దె కాస్త ఎక్కువ. నేను వెళ్ళలేదు, కట్టిన అడ్వాన్సు పోతుందని. ఉన్నా ఆ డబ్బు తిరిగి రాదు, వెళ్ళినా రాదు. సంక్ కాస్ట్ అంటారు దాన్ని, మొదటి ఏడాది పుస్తకాల్లోనే ఉంటుంది. పరీక్షలో దాని మీద ప్రశ్నకి పూర్తి మార్కులు తెచ్చుకుని, రెండు బస్సులెక్కి అదే రూముకి వెళ్ళాను.

ఇక లెక్కలు. నిజమే, ఉంటాయి. నేనూ నీలాగే తెలుగు మీడియం. మనం పరీక్షలో ఎలా రాస్తాం? నిర్వచనం, ప్రమేయాలు, పట్టిక, రేఖాపటం, మినహాయింపులు. ధర మారితే గిరాకీ ఎంత మారుతుందో చెప్పే వ్యాకోచత్వం గురించి నిద్రలో లేపి అడిగినా అయిదు రకాలూ చెప్పేదాన్ని. ఇక్కడ మొదటి ప్రాబ్లమ్ సెట్‌లో, అంటే ఇంటికిచ్చే లెక్కల్లో, ఒక వినియోగదారుడు, రెండు వస్తువులు, ఇంత ఆదాయం, ఎంతెంత కొంటాడో కనుక్కోమన్నాడు. నేను ఆరు పేజీలు నింపాను. ఉదాసీనతా వక్రరేఖల లక్షణాలు రాశాను, స్కేలు పెట్టి బొమ్మ గీశాను, గిఫెన్ వైపరీత్యం కూడా వదల్లేదు. తిరిగొచ్చిన కాగితం మీద ఇరవైకి నాలుగు. ఆరు పేజీలకీ కలిపి ఒకే ఒక ఎర్ర ప్రశ్నార్థకం. పక్కన కూర్చున్న అబ్బాయి లగ్రాంజ్ అనే గణిత పద్ధతిలో ఎనిమిది వరసలు రాసి పందొమ్మిది తెచ్చుకున్నాడు.

అవకలనం, పాక్షిక అవకలనం, మాత్రికలు, సంభావ్యత, వీటిని వచ్చేలోపు దులుపుకో. చాలాచోట్ల క్లాసులు మొదలవకముందే మ్యాథ్ క్యాంప్ అని పెడతారు. ఐచ్ఛికం అని రాసున్నా మానకు. అక్కడ నేర్పే లెక్కలకంటే అక్కడ పరిచయమయ్యేవాళ్ళు ముఖ్యం. నేను మానేశాను, చెప్పక్కర్లేదనుకుంటా, షిఫ్టు ఉందని. లెక్కలు రాకపోతే ఇక అంతేనా అని బెంగ పెట్టుకోకు. ఎలినార్ ఆస్ట్రమ్‌ని గణితం చాలలేదని ఎకనామిక్స్ పీహెచ్‌డీలో చేర్చుకోలేదు. ఆవిడ రాజనీతిశాస్త్రంలో పీహెచ్‌డీ చేసి, 2009లో ఎకనామిక్స్ నోబెల్ అందుకున్న మొదటి మహిళ అయింది. నువ్వూ నేనూ ఆస్ట్రమ్‌లం కాదనుకో, అందుకే ముందు అవకలనం చూసుకో.

ఆ నాలుగు మార్కుల కాగితం పట్టుకుని ప్రొఫెసర్ దగ్గరికి వెళ్దామనుకున్నాను. తలుపు మీద ఒక కాగితం, ఆఫీస్ అవర్స్, మంగళవారం రెండు నుంచి నాలుగు అని. ఆఫీస్ అవర్స్ అంటే ఆయన పని చేసుకునే వేళ కాబోలు, అప్పుడు కదిలిస్తే మర్యాదగా ఉండదు అనుకున్నాను! మూడు మంగళవారాలు నాలుగింటి దాకా బయట బెంచీ మీద కూర్చుని, ఆయన పని అయిపోయిందని లోపలికి వెళ్దామనుకునేసరికి బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోతున్నాడాయన. మూడోవారం ఆయనే ఆగి, ఎవరికోసం అని అడిగాడు. మీకోసమే అన్నాను. రెండు గంటలుగా లోపల ఒక్కడినే కూర్చున్నాను, ఎవరూ రాలేదు అన్నాడు. తలుపుకి అటూ ఇటూ ఇద్దరం ఒకరికోసం ఒకరం కాచుక్కూచున్నాం. ఆ వేళ నీకోసం పెట్టిందే. సందేహం లేకపోయినా వెళ్ళు, వెళ్ళి కూర్చుంటే సందేహాలు వాటంతట అవే వస్తాయి.

ఆయనే నన్ను ఒక స్టడీ గ్రూపులోకి తోశాడు. నలుగురు, నాతో అయిదుగురు. ఖాళీ క్లాసు రూములో బోర్డు ముందు నిలబడి ఒక్కో లెక్క ఒకళ్ళు చెప్పాలి. కలిసి ఆలోచించవచ్చు, జవాబు ఎవరిది వాళ్ళే రాసుకోవాలి. మీ కోర్సులో ఎంతవరకు ఒప్పుకుంటారో సిలబస్ కాగితంలో ఉంటుంది, చూసుకో. మొదటిసారి బోర్డు ముందు నిలబడినప్పుడు నా ఇంగ్లీషు గొంతులోనే ఉండిపోయింది. సుద్దముక్క తీసుకుని మాట్లాడకుండా గీస్తూ పోయాను. అందరికీ అర్థమైంది. ఎకనామిక్స్‌లో ఆ సౌలభ్యం ఉంది, మాట రాని చోట రేఖ మాట్లాడుతుంది.

ఓ సాయంత్రం డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తల 1994 వ్యాసం పట్టుకున్నాం. 1992లో న్యూజెర్సీలో కనీస వేతనం పెరిగింది, పక్కనున్న పెన్సిల్వేనియాలో పెరగలేదు. రెండుచోట్లా కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ రెస్టారెంట్లలో పెంపుకి ముందూ తర్వాతా ఎంతమంది పనిచేస్తున్నారో కనుక్కుని పోల్చారు. వేతనం పెరిగితే ఉద్యోగాలు తగ్గుతాయని పాఠ్యపుస్తకం చెబుతుంది, వాళ్ళకి తగ్గినట్టు కనబడలేదు. దానిమీద తర్వాత బోలెడంత రభస జరిగింది. మా గ్రూపులోనూ అదే రభస. నేను మామూలుగా పుస్తకం పక్షాన వాదిస్తుంటే ఒకమ్మాయి, నువ్వే కనీస వేతనానికి పనిచేస్తున్నావు కదా, అది పెరిగితే మీ మేనేజరు ఎవరినైనా తీసేస్తాడా అంది. ఆలోచించాను. తీసేయడు, అప్పటికే మనుషులు చాలక మమ్మల్నే రెండు పనులు చేయిస్తున్నాడు. ఆ మాట చెప్పాను. నలుగురూ కాగితాలు పక్కన పెట్టి నావైపు తిరిగారు. ఈ దేశం వచ్చి అయిదు నెలలైంది, నేను చెప్పేది వినడానికి మనుషులు నావైపు తిరగడం అదే మొదలు.

ఆ రాత్రి ఆఖరి బస్సు పోయింది. గ్రూపులో ఒకమ్మాయి గదిలో నేలమీద పడుకున్నాను. మర్నాడే రెండు షిఫ్టులు తగ్గించుకున్నాను, టర్ము కాగానే దగ్గరకి మారాను. మిగులు బాగా తగ్గింది. మార్కులు ఎంత పెరిగాయో చెప్పను, గొప్పలంటావు. ఇప్పుడున్న ఉద్యోగం, ఇల్లు, అన్నీ ఆ బోర్డు దగ్గర మొదలైనవే. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నెట్టుకొచ్చాను అని చెప్పుకోవడం నాకూ ఇష్టమే, కానీ నిజం కాదు.

అప్పట్లో అమ్మతో మాట్లాడాలంటే కాలింగ్ కార్డు. ఫ్రెండ్స్ ఉన్నారా అని అడిగేది. బోలెడుమంది అనేదాన్ని. నిమిషాలు అయిపోతున్నాయి, ఉంటా అనేదాన్ని, కార్డులో ఇంకా నలభై నిమిషాలు ఉండగానే. నీకిప్పుడు వీడియో కాల్స్ ఉన్నాయి, ఆ బాధ లేదనుకుంటావు. నాకైతే అదే భయం. రోజూ మూడు గంటలు ఫోన్లో ఇంట్లోవాళ్ళతో ఉంటే, నాలుగు అడుగుల దూరంలో ఉన్న మనిషి పేరు అడగవు. మనవాళ్ళతో ఉండొద్దనట్లేదు, ఉండు. జ్వరమొస్తే వచ్చేది వాళ్ళే. మనవాళ్ళతో మాత్రమే ఉంటే ప్రాబ్లమ్ సెట్ దగ్గర మళ్ళీ ఒంటరివే. పుస్తకంలో క్షీణోపాంత ప్రయోజన సూత్రం చదివావు కదా, ఏదైనా వాడేకొద్దీ దాని ప్రభావం తగ్గుతూ పోతుందని, ఒంటరితనానికి అది పనిచెయ్యదు. పదో గంట మొదటి గంటకంటే బరువుగా ఉంటుంది.

క్లబ్బుల సంగతికొస్తే, అన్నిట్లో చేరకు, ఒకదాంట్లో చేరు, వారం వారం వెళ్ళు. డిబేటో, విద్యార్థుల పత్రికో, జూనియర్లకి ట్యూటరింగో. డిపార్ట్‌మెంట్ సెమినార్లకి మాత్రం తప్పకుండా వెళ్ళు. మొదటిసారి వెళ్ళినప్పుడు గొడవ జరుగుతోందనుకుని భయపడ్డాను. ప్రసంగించడానికి వచ్చినాయన్ని రెండో స్లైడు దగ్గరే ఆపి ప్రశ్నల మీద ప్రశ్నలు. ఎకనామిక్స్ వాళ్ళకి అదే మర్యాద. అయిపోయాక కారిడార్లో అదే మనుషులు భుజాలు చరుచుకుంటూ కనిపించారు. నాకు రీసెర్చ్ అసిస్టెంట్ పని దొరికింది ఆ కారిడార్లోనే. షిఫ్టుకంటే తక్కువ గంటలు, పైగా కూర్చుని చేసే పని.

ఉద్యోగాలంటావా? ఎకనామెట్రిక్స్, అంటే ఆర్థిక విషయాలని గణాంకాలతో పరీక్షించడం, గట్టిగా నేర్చుకో, డేటా పనికి వాడే ఆర్ గానీ స్టాటా గానీ పైథాన్ గానీ ఒకటి చేతికి అలవాటు చేసుకో. బ్యాంకులు, కన్సల్టింగ్, ప్రభుత్వ గణాంక శాఖలు, టెక్ కంపెనీలు, అన్నిచోట్లా డేటా చూసి మాట్లాడగలిగినవాళ్ళు కావాలి. మిగతాది కెరీర్ సెంటర్ వాళ్ళు చెబుతారు, జీతాలిచ్చి పెట్టింది అందుకే.

రూము దగ్గరలోనే తీసుకో. చూడకుండా డబ్బు కట్టకు. మొదటి ప్రాబ్లమ్ సెట్ ఇచ్చేశాక నాకు రాయి. ఎన్ని మార్కులొచ్చాయో అక్కర్లేదు, బోర్డు దగ్గర ఎవరెవరున్నారో పేర్లు రాయి.