సంతాన సందేహాలు: దాత అండంతో పుట్టే బిడ్డ ఎవరి బిడ్డ?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 39 ఏళ్ళు. పెళ్ళయి పదకొండేళ్ళయింది. రెండుసార్లు ఐవీఎఫ్ (అండాన్ని, వీర్యకణాన్ని ప్రయోగశాలలో కలిపి పిండాన్ని తయారుచేసే చికిత్స) చేయించుకున్నాను. మొదటిసారి మూడు అండాలు, రెండోసారి రెండే వచ్చాయి. పిండాలు అయిదో రోజు వరకు నిలవలేదు. ఏఎంహెచ్ 0.4 మాత్రమే ఉందని, ఇక దాత అండం తప్ప దారి లేదని అక్కడి డాక్టర్ చెప్పారు. మా చెల్లెలు తన అండాలు ఇస్తానంటోంది. మావారు సరేనన్నారు. మా అత్తగారు మాత్రం, ‘అది మన రక్తం ఎలా అవుతుంది?’ అంటున్నారు. ఈ చికిత్స ఎలా జరుగుతుంది? చెల్లెలి దగ్గర అండాలు తీసుకోవచ్చా? బిడ్డ మీద హక్కు ఎవరికి ఉంటుంది?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: ముందుగా, మీకు ఈ చికిత్స నిజంగా అవసరమా అన్నది చూద్దాం. ఏఎంహెచ్ పరీక్ష అండాశయాల్లో ఇంకా ఎన్ని అండాలు మిగిలి ఉండవచ్చో అంచనా వేస్తుందే తప్ప, ఆ అండాల నాణ్యతను గాని, సహజంగా గర్భం వచ్చే అవకాశాన్ని గాని చెప్పదు. ముప్పై ఏళ్ళ అమ్మాయికి ఈ ఒక్క అంకె చూపించి దాత అండం సిఫారసు చేయడం నా దృష్టిలో తొందరపాటు. మీ విషయం వేరు. మీ వయసు, రెండు విడతల్లోనూ అండాలు తక్కువగా రావడం, పిండాలు ఎదగకపోవడం, ఈ మూడూ కలిసి మీ డాక్టర్ సలహాకు బలం చేకూరుస్తున్నాయి.

అయినా ఒప్పుకునే ముందు రెండు సంగతులు అడిగి తెలుసుకోండి. పిండం మూడో రోజు తర్వాత ఆగిపోవడానికి అండమే కాక వీర్యకణంలోని లోపం కూడా కారణం కావచ్చు కాబట్టి, మీవారి వీర్య పరీక్ష ఇటీవల, సమగ్రంగా జరిగిందో లేదో చూడండి. రెండోది గర్భాశయం. మన దేశంలో జననాంగాలకు సోకే క్షయ, పైకి ఏ లక్షణమూ కనిపించకుండానే గర్భాశయపు లోపలి పొరను దెబ్బతీయగలదు. ఆ పొర పాడైతే ఎంత మంచి అండం తెచ్చినా ప్రయోజనం ఉండదు. హిస్టెరోస్కోపీ (సన్నని కెమెరాతో గర్భాశయం లోపల చూసే పరీక్ష) చేయించుకున్నారో లేదో మీరు రాయలేదు. చేయించుకోకపోతే, ఖర్చంతా పెట్టాక కాకుండా ఇప్పుడే ఆ మాట ఎత్తండి.

ఇక చికిత్స. దాతకు నెలసరి రెండో రోజో మూడో రోజో మొదలుపెట్టి సుమారు పది పన్నెండు రోజుల పాటు హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తారు. సహజంగా నెలకు ఒక్క అండం పక్వమయ్యే చోట, ఈ మందుల వల్ల ఒకేసారి పలు అండాలు ఎదుగుతాయి. వాటి ఎదుగుదలను స్కానింగులతో గమనిస్తూ, తగిన పరిమాణానికి వచ్చాక చివరి ఇంజెక్షన్ ఇచ్చి, సుమారు 34 నుంచి 36 గంటల తర్వాత, మత్తు ఇచ్చి, యోని మార్గంలో స్కానింగ్ సాయంతో సన్నని సూది ద్వారా అండాలను సేకరిస్తారు. కోత, కుట్లు ఉండవు. ఆ అండాల్లోకి ప్రయోగశాలలో మీవారి వీర్యకణాలను ప్రవేశపెట్టి, ఏర్పడిన పిండాలను సాధారణంగా అయిదో రోజు వరకు పెంచుతారు.

ఈలోగా మీ గర్భాశయాన్ని సిద్ధం చేస్తారు. రెండు వారాలకు అటూ ఇటూగా ఈస్ట్రోజెన్ మాత్రలు వాడితే లోపలి పొర మందమవుతుంది. అది ఏడెనిమిది మిల్లీమీటర్లకు చేరాక ప్రొజెస్టెరాన్ మొదలుపెట్టి, సరిగ్గా లెక్క చూసుకొని పిండాన్ని గర్భాశయంలో ఉంచుతారు. దానికి మత్తు సాధారణంగా అవసరం ఉండదు. ఆ తర్వాత పది పద్నాలుగు రోజులకు రక్తపరీక్షలో ఫలితం తెలుస్తుంది. గర్భం నిలిస్తే, మాయ తన పని తాను చేసుకోగలిగే వరకు, అంటే దాదాపు పది పన్నెండు వారాల దాకా, ఆ హార్మోన్లు కొనసాగించాలి. మధ్యలో ఎవరో చెప్పారని ఆపేయకండి. అండాలను ముందే శీతలీకరించి నిల్వ చేసి ఉంటే, దాత నెలసరికీ మీ నెలసరికీ పొంతన కుదర్చవలసిన పని ఉండదు.

ఫలితం ప్రధానంగా అండం వయసు మీద ఆధారపడుతుంది, మోసే తల్లి వయసు మీద అంతగా కాదు. అందుకే నలభై దాటిన వారికి కూడా, మంచి ప్రయోగశాల ఉన్న చోట, దాత అండంతో ఏర్పడిన పిండాన్ని ఒకసారి ప్రవేశపెడితే గర్భం వచ్చే అవకాశం సుమారు సగం వరకు ఉంటుంది. సగం అంటే మిగతా సగం రాకపోవచ్చనే. ‘గ్యారంటీ ప్యాకేజీ’ అని ఎవరైనా అంటే అక్కడినుంచి లేచి రావడం మంచిది.

చెల్లెలి సంగతి. 2022 జనవరి 25 నుంచి మన దేశంలో సహాయక పునరుత్పత్తి సాంకేతికత నియంత్రణ చట్టం, 2021 అమలులో ఉంది. దాతల ఎంపిక, పరీక్షలు, అండాల సరఫరా అన్నీ రిజిస్టరైన బ్యాంకు (అండాలు, వీర్యం సేకరించి నిల్వ చేసే సంస్థ) ద్వారానే జరగాలి. దాత ఎవరో మీకు గాని, మీరెవరో దాతకు గాని తెలియకూడదు. మీ చెల్లెలు ఎంత ప్రేమతో ముందుకొచ్చినా, బంధువులను దాతగా వెంట తీసుకువెళ్ళే పద్ధతికి ఈ ఏర్పాటులో చోటు లేదు. దాత ఎత్తు, రంగు, చదువు, ఆరోగ్య చరిత్ర వంటి వివరాలు మాత్రం చెబుతారు. ఆమె వయసు 23, 35 ఏళ్ళ మధ్య ఉండాలి. జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడు అండాలకు మించి తీయకూడదు. ఒక దాత అండాలను ఒక్క జంటకే ఇవ్వాలి. ఏడు అండాల్లో అన్నీ ఫలదీకరణ చెందవు, చెందినవన్నీ అయిదో రోజుకు చేరవు. రెండో మూడో మంచి పిండాలు మిగిలితే ఆ విడత బాగానే జరిగినట్టు. పాత రోజుల్లో చికిత్స చేయించుకున్నవారు చెప్పే ‘పదిహేను అండాలు వచ్చాయి’ అన్న లెక్కలతో పోల్చుకొని దిగులుపడకండి.

హక్కుల విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. ఈ విధంగా పుట్టిన బిడ్డను మీ దంపతుల సొంత బిడ్డగానే పరిగణిస్తారు. ఆస్తితో సహా అన్ని హక్కులూ ఉంటాయి. దాతకు బిడ్డ మీద ఏ హక్కూ ఉండదు. చట్టానికి ముందు కుదిరిన ఒక ఒప్పందంలోనూ 2024 ఆగస్టులో బాంబే హైకోర్టు ఇదే చెప్పింది. భార్య చెల్లెలు ఇచ్చిన అండాలతో, అద్దెగర్భం ద్వారా పుట్టిన కవలల విషయంలో, అండమిచ్చిన మరదలే జీవసంబంధమైన తల్లి అని భర్త వాదించాడు. దాతకు తల్లిగా చట్టపరమైన హక్కు ఏదీ లేదని కోర్టు తేల్చి, పిల్లలను చూసే అవకాశాన్ని భార్యకు కల్పించింది. సొంత చెల్లెలు ఇచ్చినప్పుడే సంసారం కోర్టు దాకా వెళ్ళిందంటే, దాత అజ్ఞాతంగా ఉండాలన్న నియమాన్ని కేవలం అడ్డంకిగా చూడనక్కరలేదు.

అత్తగారి మాటకు వస్తే, జన్యుపరంగా బిడ్డలో సగం మీవారిదే, అంటే ఆమె కొడుకుదే. ఆమె చెప్పే ‘మన రక్తం’ లోటు లేకుండా ఉంటుంది. జన్యువులు కలవనిది మీవి మాత్రమే. ఆ బాధ ఉంటే అది మీది కావాలి, మీరు కావాలనుకున్నంత సమయం తీసుకొని దాన్ని తేల్చుకోవాలి. తొమ్మిది నెలలు బిడ్డకు ఆహారం, ఆక్సిజన్ అందేది మీ నుంచే. గర్భంలోని వాతావరణం బిడ్డ జన్యువులు పనిచేసే తీరును కొంతవరకు ప్రభావితం చేస్తుందని కూడా ఇప్పుడు తెలుసు. అయితే జన్యువులు మాత్రం మారవు. మోసినంత మాత్రాన మీ పోలికలు వచ్చేస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఒక్క హెచ్చరిక. దాత అండంతో వచ్చిన గర్భాల్లో రక్తపోటు, ప్రీఎక్లాంప్సియా (గర్భిణికి రక్తపోటు పెరిగి ఇతర అవయవాలు దెబ్బతినే జబ్బు) ముప్పు సొంత అండంతో వచ్చిన వాటికంటే ఎక్కువ. మీ వయసుకు మధుమేహం అవకాశం కూడా తోడవుతుంది. అందువల్ల ఒకేసారి ఒక్క పిండాన్నే ఉంచమని గట్టిగా అడగండి. కవలలు పుడితే ఒకేసారి పని అయిపోతుందన్న ఆశ చాలా ఇళ్ళలో ఉంటుంది, కానీ ఈ ముప్పులన్నిటినీ పెంచేది ఆ కవల గర్భమే. మూడో నెల నుంచి తక్కువ మోతాదు ఆస్పిరిన్ అవసరమా అన్నది ప్రసూతి వైద్యురాలిని అడగండి. దాత అండం సంగతి ఆమె దగ్గర దాచకండి.

ప్రశ్న: మా ఒక్కగానొక్క కొడుకు రోడ్డు ప్రమాదంలో పోయాడు. నాకు 52, మావారికి 56. గుంటూరులో డెబ్బై దాటినావిడకు కవలలు పుట్టారని విన్నాం. మాకు అవకాశం ఉందా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మీరు విన్నది నిజమే. 2019 సెప్టెంబరులో గుంటూరులో డెబ్బై ఏళ్ళు దాటిన మహిళ దాత అండంతో కవలలకు జన్మనిచ్చింది. అప్పటికి చట్టం లేదు. ఇప్పుడు స్త్రీకి 50 ఏళ్ళు, పురుషునికి 55 ఏళ్ళు నిండితే ఈ చికిత్స చేయకూడదు. సరోగసీకి (అద్దెగర్భానికి) కూడా ఇవే గరిష్ఠ పరిమితులు. ‘మేం చూసుకుంటాం’ అని ఏ కేంద్రమైనా అంటే, ఆధార్‌లో వయసు మార్చుకోమని సలహా ఇచ్చినా, దూరంగా ఉండండి. యాభై దాటిన శరీరానికి గర్భం మోయడం ప్రాణాంతకం కాగలదన్నది ఆ నియమం వెనుక ఉన్న కారణాల్లో ఒకటి. దత్తత నిబంధనల ప్రకారం దంపతుల వయసుల మొత్తం 110 లోపు ఉంటే ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలను దత్తత తీసుకోవడానికి నమోదు చేసుకోవచ్చు. మీ ఇద్దరివీ కలిపితే 108. మనసు కుదుటపడ్డాక, గడువు దాటకముందే, జిల్లా బాలల సంరక్షణ విభాగంలో విచారించండి.

ప్రశ్న: దాత అండంతో మాకు పాప పుట్టింది. ఇప్పుడు మూడేళ్ళు. తనకు ఈ విషయం చెప్పాలా?
– పాఠకులు, హైదరాబాద్

జవాబు: చెప్పి తీరాలన్న చట్టం మన దగ్గర లేదు. బ్రిటన్‌లో 2005 ఏప్రిల్ 1 తర్వాత నమోదైన దాతల ద్వారా పుట్టిన పిల్లలు పద్దెనిమిదేళ్ళకు దాత ఎవరో తెలుసుకోవచ్చు. మన చట్టం దాత గోప్యతనే కాపాడుతుంది. అయినా చెప్పమనే నా సలహా, అదీ చిన్నప్పుడే. దాతల సాయంతోను, సరోగసీ ద్వారాను పిల్లలను కన్న కుటుంబాలను కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇరవై ఏళ్ళ పాటు అనుసరించి 2023లో ఫలితాలు ప్రకటించారు. ఆ పిల్లల మానసిక స్థితి మిగతా పిల్లలకంటే తక్కువగా లేదని, ఏడేళ్ళ లోపు తెలిసినవారికి తల్లిదండ్రులతో అనుబంధం మెరుగ్గా ఉందని తేలింది. ‘అమ్మ పొట్టలోకి నువ్వు రావడానికి ఇంకో ఆంటీ చిన్న గింజ ఇచ్చి సాయం చేసింది’ అన్నంత సులువైన మాటతో మొదలుపెట్టవచ్చు. మీ బంధువుల్లో ఎంతమందికి ఇప్పటికే తెలుసో లెక్కవేసుకోండి. పెళ్ళింట్లో మూడో మనిషి నోట వినడం కంటే మీ నోట వినడం ఎంతో నయం. రక్తసంబంధాన్ని తేల్చే డీఎన్‌ఏ పరీక్షల కిట్లు ఇంటికే వచ్చే రోజుల్లో రహస్యం ఎన్నాళ్ళు నిలుస్తుందన్నది మరో సందేహం.

ప్రశ్న: నాకు 26 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. అండాలు ఇస్తే డబ్బు ఇప్పిస్తానని ఒకావిడ అంటోంది. ఇంతకుముందు మా వీధిలో ఒకామె మూడుసార్లు ఇచ్చిందట. ప్రమాదమా?
– పేరు ప్రచురించవద్దు, విజయవాడ

జవాబు: మూడుసార్లు ఇవ్వడం, ఇప్పించడం రెండూ చట్టవిరుద్ధం. మధ్యవర్తుల ద్వారా దాతలను తెచ్చుకోవడం, అండాలు అమ్మడం నేరం. తొలిసారి అయిదు లక్షల నుంచి పది లక్షల రూపాయల దాకా జరిమానా, మళ్ళీ చేస్తే మూడు నుంచి ఎనిమిదేళ్ళ జైలు శిక్ష కూడా ఉన్నాయి. ఆ ‘ఒకావిడ’తో మాట్లాడటం మానేయండి.

మీ అంతట మీరు, సాయపడాలనిపించి ఇవ్వదలచుకుంటే నేరుగా రిజిస్టరైన బ్యాంకుకే వెళ్ళండి. రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం అడిగి చూడండి, అది అయిదేళ్ళకే చెల్లుతుంది. మీ పేరు, ఆధార్ నమోదు చేసుకొని హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్ పరీక్షలు చేయాలి. మీకు పన్నెండు నెలల ఆరోగ్య బీమాను చికిత్స పొందే జంట తీయాలి. ఆ పాలసీ కాగితం చేతిలో పడకముందు ఒక్క ఇంజెక్షన్ కూడా వేయించుకోకండి. అంగీకార పత్రం తెలుగులో చదివి వినిపించమనండి. సంతకం పెట్టాక కూడా, అండాలను వాడే ముందు వరకు వెనక్కి తగ్గే హక్కు మీకుందా అని అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి.

శరీరానికి వచ్చే ముఖ్యమైన ముప్పు అండాశయాలు మందులకు అతిగా స్పందించడం. ఎక్కువమందిలో కడుపు ఉబ్బరం, కొద్దిపాటి నొప్పితో సరిపోతుంది. కొద్దిమందిలో మాత్రం కడుపులో నీరు చేరి, రక్తం చిక్కబడి ఆసుపత్రిలో చేరవలసి వస్తుంది. చివరి ఇంజెక్షన్‌గా ఏ మందు వాడతారో అడగండి, ఈ ముప్పును బాగా తగ్గించే మందు ఉంది. అండాలు తీసిన తర్వాత వారం పది రోజుల్లో కడుపు బాగా ఉబ్బినా, రెండు మూడు రోజుల్లో బరువు వేగంగా పెరిగినా, మూత్రం తగ్గినా, ఊపిరి ఆడకపోయినా మరుసటి రోజు దాకా ఆగవద్దు. అండాలు తీసిన కేంద్రానికి ఫోన్ చేసి, వారు ఎత్తకపోతే దగ్గరి పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్ళి, అండదానం చేశానని అక్కడి డాక్టరుకు ముందే చెప్పండి.