పువారో మీసం మీద మీ ప్రశ్నలు

పోయిన సంచికలో అగాథా క్రిస్టీ సృష్టించిన డిటెక్టివ్ హెర్క్యూల్ పువారో గురించి రెండు ముక్కలు రాస్తే సిటీ నలుమూలల నుంచీ ప్రశ్నలొచ్చాయి. చోటు తక్కువ కాబట్టి కొన్నిటికే జవాబులు.

ప్రశ్న: షెర్లాక్ హోమ్స్ అయితే సిగార్ బూడిద చూస్తాడు, అడుగుల గుర్తులు కొలుస్తాడు, మారువేషం వేస్తాడు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న నవలలో ఈ పువారో కుర్చీలో కూర్చుని అందరితో ముచ్చట్లు పెడుతూనే ఉన్నాడు. డిటెక్టివా, పెళ్లిళ్ల పేరయ్యా? (డిగ్రీ విద్యార్థి, చిక్కడపల్లి)

జవాబు: తిట్టాననుకున్నావేమో గానీ తమ్ముడూ, అతని పనితనం సగం అదే. మనిషిని తీరిగ్గా మాట్లాడనిస్తే ఎక్కడో ఒకచోట నోరు జారతాడని పువారో నమ్మకం. బెల్జియం పోలీసు శాఖలో పనిచేసి, మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇంగ్లండ్‌కి శరణార్థిగా వచ్చినవాడు. యాసతో మాట్లాడే ఈ పొట్టి విదేశీయుడికి ఏం తెలుస్తుందిలే అని దొరలు తేలిగ్గా తీసుకుంటారు, అలా తీసుకోవాలనే అతనూ యాస కాస్త ఎక్కువ చేస్తాడు.

అలాగని కళ్లు లేవనుకోకు. 1920లో వచ్చిన మొదటి నవల 'ది మిస్టీరియస్ అఫైర్ ఎట్ స్టైల్స్' చూడు. ఏదీ వంకరగా ఉండకూడదు కదా ఆయనకి, హత్య జరిగిన ఇంట్లో ఫైర్‌ప్లేస్ పైగట్టు మీది వస్తువుల్ని వరసగా సర్దుతాడు. తర్వాత అదే గదిలో ఇంకోసారి సర్దుతాడు, అప్పుడేమీ తట్టదు. చాలా రోజులయ్యాక మిత్రుడు హేస్టింగ్స్ యథాలాపంగా ‘ఆ రోజు సర్దుతుంటే నీ చేతులు వణికాయి’ అన్న మాటతో బుర్ర వెలుగుతుంది: పొద్దున్నే సర్దేసినవాటిని మళ్లీ ఎందుకు సర్దాల్సి వచ్చింది? మధ్యలో ఎవరో ముట్టుకున్నారు! అంతే, ఒక్కసారి లేచి పరుగు. భూతద్దం లేదు, మారువేషం లేదు. పైగా ఆ సర్దడం మనమూ చదివాం, పేజీ తిప్పేశాం.

ప్రశ్న: అగాథా క్రిస్టీకి విషాల గురించి అంత పక్కాగా ఎలా తెలుసు? (మెడికల్ షాపు యజమాని, మలక్‌పేట)

జవాబు: మీ పనే సార్. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆవిడ సొంతూరు టోర్కీలోని ఆస్పత్రిలో మందులు కలిపిచ్చేది. స్టైల్స్ నవలలో విషం సంగతి తప్పుల్లేకుండా రాసిందని ఫార్మసిస్టుల పత్రికే మెచ్చుకుంది.

ప్రశ్న: పువారోగా కెన్నెత్ బ్రానా చేసిన సినిమాలే గొప్ప అంటారు మా ఆయన, డేవిడ్ సూషే సీరియల్ ముందు అవెంత అంటారు మా మామగారు. తీర్పు చెప్పండి. (సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, కూకట్‌పల్లి)

జవాబు: నా ఓటు మామగారికే అమ్మా. 1974 నాటి ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ సినిమాలో పువారోగా ఆల్బర్ట్ ఫిన్నీ ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లాడు, బాగా చేశాడు గానీ అరుపులెక్కువ. 1978లో నైలు నది సినిమా చేసిన పీటర్ ఉస్తినోవ్ భారీ మనిషి, పుస్తకంలోని పువారోకి పోలికే లేదు, అయినా సరదాగా ఉంటాడు. సూషే మాత్రం 1989 నుంచి 2013 వరకు ఆ పాత్రలోనే బతికాడు. ముందు పుస్తకాలన్నీ చదివి, ఈ మనిషి ఎలా ఉంటాడో, టీలో ఎన్ని పంచదార బిళ్లలు వేసుకుంటాడో 93 పాయింట్ల జాబితా రాసుకున్నాడు. అసలు గొప్పతనం అది కాదు, ఎదుటివాడు అబద్ధం చెబుతుంటే తల కాస్త పక్కకి వంచి అతను వినే తీరు చూడండి. వినడాన్ని కెమెరా ముందు నటించి చూపించడం చాలా కష్టం.

బ్రానాకి ఆ ఓపిక లేదు. 2017లో ఛేజింగులు పెట్టాడు, 2022లో ఏకంగా మీసానికి యుద్ధం ఫ్లాష్‌బ్యాక్ పెట్టాడు. మీసానికి ఫ్లాష్‌బ్యాకా! మన మాస్ హీరోలకే రాని ఆలోచన. అయితే 2023లో వచ్చిన వెనిస్ సినిమా కాస్త నయం, మీ ఆయన్ని మరీ ఏడిపించకండి.

ప్రశ్న: పువారో చనిపోతే పేపర్లో నిజంగానే సంతాప వార్త వేశారటగా? (రిటైర్డ్ టీచర్, సైదాబాద్)

జవాబు: వేశారు మాస్టారూ. 1975 ఆగస్టు 6న న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలోనే. చివరి కథ 'కర్టెన్'ని క్రిస్టీ రెండో ప్రపంచ యుద్ధ కాలంలోనే రాసి దాచిపెట్టింది. ఆయన వయసు మాత్రం లెక్క కట్టకండి, మొదటి నవల నాటికే రిటైరైన మనిషి.

ప్రశ్న: మన తెలుగులో ఇలాంటివాళ్లు లేరా? పువారోని కొత్తగా చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? (గృహిణి, అంబర్‌పేట)

జవాబు: లేకేం, కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు ఉన్నారు, మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. తెర మీదికొస్తే 1986లో చిరంజీవి 'చంటబ్బాయ్', 2019లో నవీన్ పొలిశెట్టి 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ'. రెండూ నాకిష్టమే, కానీ రెండింట్లోనూ డిటెక్టివ్ ముందు నవ్వించాలి. నిదానంగా కూర్చుని వినే తెలుగు డిటెక్టివ్‌ని ఎవరైనా తీస్తే మొదటి టికెట్ నాదే.

పువారో అయితే 1936 నాటి 'ది ఏబీసీ మర్డర్స్'తో మొదలుపెట్టండి, కథ పరుగెడుతుంది. 'కర్టెన్' ఆఖర్న. మధ్యలో 'ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్' (1926) చదివేటప్పుడు మాత్రం నెట్‌లో దాని పేరు కొట్టకండి, చదివేసిన చుట్టాలెవరైనా ఉంటే ఆ వారం ఫోన్ కూడా ఎత్తకండి.