అందరికీ ఒకే సర్టిఫికెట్ ఇస్తే ఏమవుతుందంటే...

నవంబరు 14న మీ బడిలో పిల్లల ప్రతిభను గౌరవించే కార్యక్రమం చేయాలనీ, ఏటా మార్కులు బాగా వచ్చినవాళ్ళకే బహుమతులు పోతున్నాయనీ, మిగతా పిల్లలు చిన్నబోకుండా ఏం చేయొచ్చనీ అడిగారు. నేను తిరుపతి చుట్టుపక్కల ప్రభుత్వ బడుల్లో ఇరవై రెండేళ్ళు తెలుగు చెప్పాను. మీరడిగిన పనిని ఒక ఏడు బాగా చెడగొట్టాను కూడా.

ఆ ఏడు మా బడిలో 112 మంది పిల్లలు. ఎవరినీ నొప్పించకూడదని అందరికీ ఒకే సర్టిఫికెట్ అచ్చు వేయించాం. ‘ప్రతిభ గల విద్యార్థి’ అని బంగారు రంగు అక్షరాలు, కింద పేరు రాసుకోవడానికి చుక్కల గీత. పంచేటప్పుడు చాలా మంచిపని చేశామనుకున్నాను. సాయంత్రం గేటు దగ్గరికి వచ్చేసరికి రెండు సర్టిఫికెట్లు రాకెట్లయి చింతచెట్టు కొమ్మల్లో ఇరుక్కుని ఉన్నాయి. ఎనిమిదో తరగతి పిల్లను ఏమ్మా, దాచుకోలేదా అనడిగితే, ‘అందరికీ ఇచ్చినారు కద మేడమ్, దీంట్లో నాదేముంది?’ అంది. జవాబు దొరకలేదు నాకు.

మరుసటి ఏడు దసరా సెలవులు అవగానే స్టాఫ్‌రూములో ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాం. పద్ధతి ఒకటే. ‘మంచి పిల్ల’, ‘చురుకైనవాడు’ అని రాయకూడదు. కళ్ళారా చూసిన పని రాయాలి. మొదటివారం పదకొండు పేర్లే వచ్చాయి, అన్నీ ముందుబెంచీవాళ్ళవే. అప్పుడు మా డ్రిల్ సారు చెప్పిన మాట పనికొచ్చింది. క్లాసులో కూర్చుని వెతికితే క్లాసులో కనిపించేవాళ్ళే దొరుకుతారన్నాడు. మధ్యాహ్న భోజనం వండే ఆమెను అడిగాం. మేం ఏళ్ళ తరబడి చూడనివి ఆమె పది నిమిషాల్లో చెప్పింది. ఒక ఆరో తరగతి పిల్ల గరిటె చేతిలోకి తీసుకుందంటే చివరి పిల్లాడిదాకా సాంబారు సరిపోతుందట. బస్టాండు దగ్గర వాళ్ళమ్మ పూలు అమ్ముతుంటే పక్కన నిలబడి తమిళం, కన్నడం, హిందీలో యాత్రికులకు దారి చెప్పే పిల్లాడు ఉన్నాడట. క్లాసులో వాడి గొంతే విన్నది లేదు మేము.

అన్నిటికన్నా గుర్తున్నది ఫ్యాన్సీ డ్రెస్ సంగతి. సర్టిఫికెట్లు పంచిన ఏడే స్టేజీ మీద ఆరుగురు నెహ్రూలు, నలుగురు భారతమాతలు. (నెహ్రూలు ఎక్కువవడం సహజమే. ఈ పండుగ ఆయన పుట్టినరోజునే చేస్తున్నాం.) గంగమ్మ వేషం వేస్తున్న ఒక పాప ముఖానికి నేను తెల్లసుద్ద పూసి బొట్టు పెడుతుంటే, వెనకనుంచి ఏడో తరగతి పిల్లాడు ‘సుద్ద ఆరకముందే కుంకుమ పెడితే కారిపోతాది మేడమ్’ అన్నాడు. నువ్వు పోయి కూర్చో అన్నాను. ఐదు నిమిషాలకు కుంకుమ గడ్డందాకా కారింది.

తిరుపతివాళ్ళకు చెప్పక్కర్లేదు, మీకోసం చెబుతున్నా. మేలో వచ్చే గంగమ్మ జాతరలో రోజుకో వేషం. బైరాగి వేషానికి తెల్లసుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గుపొడి, దొర వేషానికి గంధం. ఇంట్లో అన్నకూ మామకూ ఈ పిల్లాడే పూస్తాడట. చిక్కగా పూస్తే ఎండినాక పెచ్చులు లేస్తుందనీ, మరీ పల్చనైతే చెమటకే పోతుందనీ వాడికి తెలుసు. మరుసటి ఏడు మొత్తం మేకప్ వాడికే అప్పగించాం. జాతరలో తిట్లు కూడా ఆచారమే కాబట్టి, అవి మాత్రం బడికి తేవద్దని ముందే మాట తీసుకున్నాం.

వాడి సర్టిఫికెట్ మీద ‘వేషానికి రంగు కలపడంలో, పూయడంలో నేర్పరి’ అని చేత్తో రాశాం. వాళ్ళమ్మ దాన్ని రెండుసార్లు చదివించుకుని, ‘అయితే వీనికి సదువులో ఏం రాలేదా?’ అంది. ఆమె అడిగిందీ న్యాయమే. మార్కుల సంగతి ఇంకోరోజు మాట్లాడుకుందాం అన్నాను.

ఇబ్బంది కూడా చెప్పాలి. ఆ ఏడు నోట్‌బుక్కులో 64 పేర్లే తేలాయి. మిగిలిన 48 మందికి ఏదో ఒకటి అల్లి రాసేద్దామని కొందరు టీచర్లు అన్నారు. నేను ఒప్పుకోలేదు. నోట్‌బుక్ మూయకుండా వార్షికోత్సవందాకా కొనసాగించాం. అప్పటికి మరో ముప్పైమంది చేరారు. మిగతా వాళ్ళలో లోపం లేదు, మేమే చూడలేకపోయాం. ఆ మాట స్టేజీ మీదే చెప్పాను. హెచ్.ఎం. గారికి నచ్చలేదు.

మార్కులు వచ్చిన పిల్లల్ని మాత్రం పక్కన పెట్టకండి. వాళ్ళదీ కష్టమే, బహుమతి వాళ్ళకూ ఇవ్వండి.

ఖర్చు గురించి అడిగారు. మహతి ఆడిటోరియంలో వార్షికోత్సవాలు చేసే ప్రైవేటు స్కూళ్ళతో పోల్చుకోకండి. షీల్డులు మానేస్తే సగం డబ్బు మిగులుతుంది. దాంతో పిల్లలకు కాస్త మంచి తిండి పెట్టండి. అతిథుల్ని ఇద్దరికి మించి పిలవద్దు. పిల్లల కార్యక్రమాలు అయ్యాకే వాళ్ళ ప్రసంగాలు పెట్టండి. ఒకసారి మా దగ్గర ముఖ్య అతిథి గంట ఆలస్యంగా వచ్చి ముప్పావుగంట మాట్లాడారు. కోలాటం పిల్లలు ముత్యాల దండలతో ఎండలో నిలబడి చివరికి ఒక్క పాటకే ఆడారు.

పాట, నాట్యం, బొమ్మలు వేయడం బాగా వచ్చిన తొమ్మిది నుంచి ఇంటర్ దాకా పిల్లల పేర్లు విడిగా రాసుకోండి. 2015 నుంచి కేంద్రం నడుపుతున్న కళా ఉత్సవ్ జిల్లా, రాష్ట్రం, దేశం స్థాయిల్లో ఉంటుంది. దానికి పంపడానికి ఆ జాబితా పనికొస్తుంది. మా బడినుంచి ఒక పిల్ల జిల్లాదాకా వెళ్ళింది.

ఇంకొకటి. నవంబరంటే మన జిల్లాలకు ఈశాన్య రుతుపవనాల కాలం, మైదానాన్ని నమ్ముకోవద్దు. రెండు క్లాసు గదుల మధ్య వరండా ఖాళీ చేయించి పెట్టుకోండి. షామియానావాడికి మాత్రం ముందే మొత్తం డబ్బు ఇచ్చేయకండి. మేమిచ్చాం. వాన రాగానే గుడ్డ చుట్టుకుని పోయాడు, మళ్ళీ ఫోనెత్తలేదు.