ఎఫ్‌ఏ కప్ అలారం గంట లేటు: తప్పు ఫోన్‌ది కాదు

మార్చి ఆఖరి ఆదివారం ఇంగ్లండ్‌లో గడియారాలు గంట ముందుకు జరుపుతారండి. మనకీ వాళ్లకీ తేడా ఐదున్నర గంటల నుంచి నాలుగున్నరకి తగ్గుతుంది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ టోర్నీ ఎఫ్‌ఏ కప్ కోసం పెట్టుకుని, జనవరిలో సరిగ్గా మోగిన మీ అలారం ఏప్రిల్ సెమీస్‌కి లేటైంది అందుకే.

నేనూ బోల్తాపడ్డా. 2025 ఫైనల్ మనకి రాత్రి 9కే. 10 అనుకుని విజయవాడ బీసెంట్ రోడ్డులో తాపీగా పునుగులు తింటుంటే, 16వ నిమిషంలో క్రిస్టల్ ప్యాలెస్ ఆటగాడు ఎజే కొట్టిన ఒక్కగానొక్క గోల్ కాస్తా అయిపోయింది.

1. క్యాలెండర్‌లో మ్యాచ్ టైమ్ అక్కడిదే వేయండి.
2. టైమ్ జోన్ ‘లండన్’ పెట్టండి. చాలామంది ‘జీఎంటీ’ (గ్రీనిచ్ టైమ్) పెడతారు, చిక్కంతా అక్కడే. జీఎంటీ ఏడాదంతా కదలదు, లండన్ టైమ్ కదులుతుంది.
3. పాత అలారాలు తీసేయండి, లేదంటే రెండూ మోగుతాయి.