తిరుపతిలో ఏఏ మీటింగుకు మొదటిసారి వెళ్ళాలంటే: నా అనుభవం

తమ్ముడూ, నువ్వు అడిగినవి మూడు. తిరుపతిలో ఏఏ, అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే తాగుడు మానేవాళ్ళ మీటింగు ఎట్లా కనుక్కోవాలి, తెలిసినవాళ్ళు చూస్తే ఎట్లా, సోమవారం నుంచి ఒక్కసారిగా ఆపేసి ఆ తర్వాత వెళ్ళాలా అని. చివరిదానికి ముందు చెప్తా. ప్రాణం మీదికి వచ్చేది అదే.

రోజూ తాగే ఒళ్ళయితే ఇంట్లో కూర్చుని ఉన్నపళంగా ఆపొద్దు. ఆపిన 6 గంటల నుంచి 48 గంటల లోపల ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరికి మతి చెదిరి లేనివి కనిపిస్తాయి. నేను అట్లా మొండిగా ఆపిన మూడో రాత్రి, మా లాడ్జి మెట్లమీద చీమలు బారులు కట్టాయని తెల్లార్లూ చీపురుతో ఊడ్చినాను. ఒక్క చీమ కూడా లేదంట. అందుకని ముందు రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీకి పో. రోజుకు ఎంత పడుతుందో దాచకుండా చెప్పు. మనం హాఫ్ తాగి క్వార్టరు అని చెప్తే వాళ్ళు వేసే లెక్క తప్పుతుంది. వణుకు తగ్గే మాత్రలు, బీ1 విటమిన్ సూదులు ఇస్తారు. ఫోనులో ఎవరితోనైనా మాట్లాడాలంటే 14446 మత్తు మానేవాళ్ళకోసం ఉన్న ఉచిత నంబరు. రాత్రిపూట మనసు ఆగకపోతే టెలిమానస్ అని, మనసు బాగోలేనివాళ్ళకోసం సర్కారు పెట్టిన ఫోను నంబరు ఉంది, 14416.

ఇక మీటింగు సంగతి. నేను బస్టాండు దగ్గర లాడ్జిలో కౌంటరు మీద పనిచేసేవాణ్ణి. ఒకరోజు ఓనరు రిజిస్టరు తిరగేసి, "పొద్దున రాసేది ఎవురు, పదిగంటల తర్వాత రాసేది ఎవురు?" అన్నాడు. పొద్దుటి పేర్లు కోడి గీకినట్టు, పది దాటినాక ముత్యాల్లాగా ఉన్నాయి. రెండూ నేనే రాసింది. మధ్యలో క్వార్టరు పడింది, అంతే తేడా. ఆ వారమే కొండకు పోయి గుండు కొట్టించుకుని ప్రమాణం చేసినా. కొండమీద మందు దొరకదు కాబట్టి అక్కడున్న ఒకటిన్నర రోజు నిలబడింది. గుండుమీద వెంట్రుక మొలవకముందే మళ్ళీ మొదలు.

తర్వాత ఎవరో ఒక పాత అడ్రసు రాసిచ్చారు. పట్టుకుని పోతే ఆ గదిలో ట్యూషన్ జరుగుతా ఉంది. ముప్పైమంది పిల్లకాయలు ఒక్కసారి తలలు తిప్పి చూసినారు. "ఏం కావాలన్నా?" అన్నాడు సారు. ఏం లేదని చెప్పి నేరుగా షాపుకు పోయినా. ఆ ఒక్క తప్పు అడ్రసుతో ఇంకో నాలుగు నెలలు పోయినాయి నాకు. అందుకే ఇక్కడ అడ్రసు రాయడంలేదు. గదులు మారుతుంటాయి, టైములు మారుతుంటాయి. ఏఏ ఇండియా వెబ్‌సైటులో ఊరు పేరుతో వెతికి, అక్కడున్న నంబరుకు ఫోన్ చెయ్యి. ఎత్తేది మామూలుగా తాగి మానిన మనిషే. "ఈ వారం మీటింగు ఉందా, తెలుగులోనా తమిళంలోనా, తలుపు దగ్గర ఎవరైనా ఉంటారా" అని అడుగు. తోడు రమ్మంటే వచ్చేవాళ్ళు ఉంటారు, మొహమాటపడొద్దు. చిత్తూరు వైపు వాళ్ళయితే వేలూరు కూడా చూడొచ్చు, గంట దూరం. జూమ్‌లో కూడా మీటింగులు ఉంటాయి గానీ, మొదటిది మనుషుల మధ్య కూర్చుంటేనే నయమని నా లెక్క. జూమ్‌లో కెమెరా ఆపి గ్లాసు పక్కన పెట్టుకున్నవాణ్ణి నేను.

గది చర్చి ఆవరణలోనో బడిలోనో ఉంటే మతం మారుస్తారేమో అనుకోవద్దు, అది చోటు మాత్రమే. దేవుడి మాట వస్తుంది. ఎవరి దేవుడు వాళ్ళకు, లేనివాడు లేనట్టే కూర్చోవచ్చు. 1935లో అమెరికాలో ఆక్రన్ అనే ఊళ్ళో ఒక షేర్ల వ్యాపారి, ఒక డాక్టరు కలిసి మొదలుపెట్టిన పద్ధతి ఇది, ఇద్దరూ తాగుబోతులే. చేరడానికి ఒకటే షరతు: మానాలనే కోరిక ఉండాలి. ఫీజు లేదు. చివర్లో ఒక సంచి తిరుగుతుంది, ఇష్టమైతే పది రూపాయలు వెయ్యి, లేదంటే పక్కకు అందించు. ఏఏ పేరు చెప్పి ఎవరైనా వేలు అడిగారంటే అది ఏఏ కాదు. తెలియకుండా కూరలో కలపమని పొడులు అమ్మేవాళ్ళ జోలికి మీ ఇంట్లోవాళ్ళను పోనివ్వద్దు. అందులో ఏం కలుస్తుందో ఎవరికీ తెలీదు.

తెలిసినవాళ్ళు చూస్తారా? చూస్తారు. నా మొదటి మీటింగులో, రోజూ నేను నమస్కారం పెట్టే పెద్దమనిషి ఒకాయన అక్కడ టీ పోస్తా కనిపించినాడు. ఎవరో చెప్పను, అక్కడ చూసింది బయట చెప్పకూడదు. ఆయన నన్ను ఏమీ అడగలేదు. నా చెయ్యి వణుకుతోందని గ్లాసు సగమే పోసి ఇచ్చి, "ఇక్కడ కూర్చో సామీ" అన్నాడంతే. ఆరోజు నేను నోరు విప్పలేదు. ఎవరూ విప్పమనలేదు కూడా.

అది జరిగి ఏడేళ్ళు. మధ్యలో ఒకసారి జారినా, మా చెల్లెలి పెళ్ళిలో. తర్వాతి మీటింగుకు పోయి చెప్తే, ముందువరుసలోవాళ్ళు జరిగి చోటిచ్చినారు.

ఒక్కమాట, అక్కడి టీలో చక్కెర బాగా దట్టిస్తారు. నీకు షుగరుంటే ముందే చెప్పు.