బయటికి కనిపించని దీర్ఘకాలిక జబ్బుతో నలుగురిలో కలవడం ఎలా?

లూపస్ (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడిచేసే జబ్బు), ఫైబ్రోమయాల్జియా (ఒళ్లంతా నొప్పులు, అలసట ఉండే జబ్బు) లాంటివి ఉన్నవాళ్లు చాలాసార్లు పైకి బాగానే కనిపిస్తారు. అందుకే ఆఖరి నిమిషంలో రాలేనంటే ఎదుటివాళ్లకి నిర్లక్ష్యంలా తోస్తుంది. పిలిచినప్పుడే చెప్పేయండి: "వస్తాను, గంట ఉంటాను. ఒంట్లో బాగోకపోతే ఆ పొద్దున్నే చెబుతాను." జబ్బు సంగతంతా అందరికీ చెప్పక్కర్లేదు. దగ్గరి స్నేహితుల్లో ఒక్కరికి తెలిస్తే చాలు, మీరు మధ్యలో లేచినా వాళ్లు సర్దిచెబుతారు.

ఎక్కువమంది దెబ్బతినేది బాగున్న రోజునే! ఓపిక ఉంది కదా అని చివరిదాకా ఉండిపోతారు. క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్‌లో (విశ్రాంతి తీసుకున్నా తగ్గని తీవ్రమైన అలసట ఉండే జబ్బులో) ఆ శ్రమ ప్రభావం తరచు 12 నుంచి 48 గంటల తర్వాత బయటపడి, రోజుల తరబడి మంచానికే పరిమితం చేయొచ్చు. అలసట కోసం ఎదురుచూడకుండా అనుకున్న టైముకే లేవండి, తర్వాతి రెండు రోజులూ పెద్ద పనులు పెట్టుకోకండి.